చేతి మీది నంబరు

నేను కోపిష్టివాణ్ని. టెలిఫోన్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు కాంట్రాక్టు మీద పనిచేశాను. అక్కడ నాచేత మాట పడని మనిషి లేడు. కానీ నెల్లికుదురు దగ్గరి తండాలో రుక్కి ఎదుటపడితే మాత్రం ఈనాటికీ నాకు నోరు పెగలదు. ఎందుకో చెబుతాను.

ఆ తండాకు మొదటి ఫోను బిగించింది నేనే. రుక్కి ఇంటి గోడకు డబ్బా తగిలించి, రేకుల మీద చిన్న ఏంటెన్నా నిలబెట్టాను. పక్కనే ఎర్ర పెయింటుతో నంబరు రాశాను. తీగ లేదు, సిమ్ లేదు. నంబరు ఆ డబ్బాలోనే ఉంటుంది. గాలిలో మాట పంపడానికి అప్పట్లో రెండు పద్ధతులుండేవి. సిమ్ వేసుకునే జీఎస్‌ఎం ఒకటి, ఈ సీడీఎంఏ ఇంకొకటి. ఒక్క టవరుతో ఎక్కువ దూరం అందుతుంది కాబట్టి పల్లెలకు ఇదే మేలని పైవాళ్లు తేల్చారు. నేనూ నమ్మాను.

"సర్కారు ఫోను రుక్కీ, నీ మనుమల దాకా ఉంటది" అని గొప్పలు పోయాను.

రుక్కికి చదువు లేదు. అయినా ఫోను మోగిందంటే చేతిలో పిండిముద్ద వదిలేసి ఉరికేది. "సుక్కికి బిడ్డ పుట్టిందటే!" అని తండా అదిరేలా కేక పెట్టేది. ఎవరి కబురు వాళ్లకు చేరేదాకా అన్నం ముట్టేది కాదు.

ఆమె భర్త పూల్‌సింగ్ మంచి పనిమంతుడు. ఫిట్స్ ఉండేవి పాపం. వచ్చి తగ్గాక రెండు మూడు గంటలు తన పేరైనా చెప్పలేకపోయేవాడు. కూలికి ఎటుపోయినా రుక్కికి ఒకటే పరేషాన్. చీటీ రాసి జేబులో పెడితే చెమటకు నానిపోయేది.

"చీటీ ఎందుకు? మీ ఆడోళ్లు పచ్చబొట్టు పొడిపిచ్చుకుంటరు గద, గట్లనే ఆయన చెయ్యికి నంబరు పొడిపియ్యి. ఎవడో ఒకడు చూసి ఫోన్ చేస్తడు" అన్నాను.

నవ్వులాటకు అన్న మాట. ఆమె నిజంగానే పొడిపించింది. కుడి ముంజేతి మీద, కోడుతో కలిపి పదకొండు అంకెలు. మగవాడికి ఈ సోకేందని తండా నవ్వింది. నవ్వితే ఏం, ఆ నంబరు రెండుసార్లు మనిషిని ఇంటికి చేర్చింది. ఒకసారి సూర్యాపేట బస్టాండులో టీ కొట్టాయన, ఇంకోసారి ఖమ్మంలో హమాలీ ఒకడు చెయ్యి చూసి ఫోన్ చేశారు. రెండోసారి రుక్కి నన్ను పిలిచి కోడికూర వండిపెట్టింది. "నువ్వు నా తోడబుట్టినోనివి జగపతన్నా" అంది. మురిసిపోయాను, సన్నాసిని.

తర్వాత లోకమంతా సిమ్ ఫోన్ల వైపు మొగ్గింది. గిరాకీ వాటికే, చవకైనవీ అవే. మా డబ్బాలు చేసేవాళ్లు కరువయ్యారు. టవరు యంత్రంలో ఒక సర్క్యూట్ కార్డు కాలిపోతే మార్చడానికి ఇంకోటి దొరకదు. ఆ పద్ధతికి గాలిలో కేటాయించిన జాగాను వేరేవాళ్లు అడుగుతున్నారన్నారు. ఎక్కడో ఢిల్లీలో నిర్ణయం జరిగిపోయింది. నెలాఖరుకు బంద్ అని మాకు కాగితం వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని నేను తండాకు వెళ్లేసరికి, పూల్‌సింగ్ మామిడి కోతలకని ఆంధ్రా దిక్కు పోయి ఆరు రోజులైంది.

"డబ్బ తీస్కపో అన్నా. నంబరు మాత్రం ఉంచు. కొత్త ఫోన్ల ఏసియ్యి" అంది రుక్కి.

"కుదరదమ్మా. సిమ్ నంబర్లయితే ఏ కంపెనీకైనా మార్చుకోవచ్చని సర్కారు రూలున్నది. గిది ఇంటి ఫోను లెక్క. దీనికి ఆ రూలు లేదు."

"మరి ఆయన చెయ్యి మీద ఉన్నదెట్ల?"

ఆఫీసులో బల్ల గుద్ది అడిగాను. పెద్ద సారు మంచివాడే, తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఒకటో తారీఖు పొద్దున డబ్బా మూగబోయింది. రుక్కి కొత్త సిమ్ కొని, వాళ్లనూ వీళ్లనూ అడిగి కూలీల మేస్త్రీ నంబరు సంపాదించింది. నాలుగో నాడు మేస్త్రీ దొరికితే, పూల్‌సింగ్ మొన్న సంతకని పోయి తిరిగి రాలేదని చెప్పాడు.

రుక్కి పన్నెండు రోజులు ఆ ఊళ్లన్నీ వెతికి ఒంటరిగా తిరిగొచ్చింది. డబ్బాను ఆఫీసుకు అప్పగించాలి, నాకు చేతులు రాలేదు. ఆమె రోజూ దానికి చార్జింగ్ పెట్టేది. వద్దని చెప్పడానికి నేనెవణ్ని?

ఎనిమిది నెలలకు, వాట్సాప్‌లో వాళ్లూ వీళ్లూ పంపుకోగా పంపుకోగా నా సెల్‌కు ఒక ఫొటో వచ్చింది. ఒక చెయ్యి, దాని మీద నేను నిద్రలో అడిగినా చెప్పగల పదకొండు అంకెలు. కింద ఎవరో నర్సమ్మ రాసింది: "తలకు దెబ్బతో మా దవాఖానకు తెచ్చారు. మాట లేదు. తొమ్మిది రోజులు బతికాడు. ఎవరు దగ్గరికెళ్లినా ఈ చెయ్యి చాపేవాడు. రోజూ ఫోన్ చేశాం. ఆ నంబరు లేదనే వచ్చింది. ఇతనివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి."

తండాకు పోయి చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సెల్ తీసుకుని గోడ దగ్గరికి పోయింది. ఫొటోలో ఒక అంకె, గోడ మీద ఒక అంకె, వేలు పెట్టి చివరిదాకా పోల్చి చూసింది.

"ఒక్కటి గూడ తప్పు లేదన్నా" అంది. "తొమ్మిది రోజులు సరిగనే చూపిచ్చిండు. ఆయన తప్పిపోలే. మనమే దొరకలే."