పేగు పరీక్షలో నేను తప్పిన వైనం

ముప్పై రెండేళ్ళు పిల్లలకు పరీక్షలు పెట్టిన దాన్ని, మొన్న ఒక పరీక్షలో నేనే తప్పినాను. అది కూడా సగంలో కాదు, గడప దగ్గరే తిప్పి పంపించినారు. తప్పు ఎవరిదో మీరే తేల్చండి. నా వాదన వరసగా చెప్తాను.

మూడు వారాలుగా దొడ్డికి పోతే నెత్తురు పడతా ఉండింది. మొలలులే అని నేను ఊరుకున్నాను, మా కోడలు సుజాత ఊరుకోలేదు. పెనుకొండ నుంచి హిందూపురంలో ఆసుపత్రికి పిలుచుకుని పోయింది. ఆడ డాక్టరు, "కొలనోస్కోపీ చేసి చూద్దామమ్మా" అన్నాడు. అంటే, వేలంత లావు గొట్టానికి కొసలో కెమెరా పెట్టి, వెనకనుంచి పంపి, పెద్దపేగు లోపలంతా చూస్తారు. మా నాయన పేగులో గడ్డ లేచి పోయినాడు. కాబట్టి నాకు గొట్టమంటే భయం లేదు. అది చూసొచ్చి ఏం చెప్తుందో అనే భయం.

వాళ్ళు ఒక కాగితం ఇచ్చినారు. పేజీ నిండా ఇంగ్లీషు. అడుగున తెలుగులో ఒకే ఒక వాక్యం: 'ముందురోజు ద్రవ పదార్థములు మాత్రమే తీసుకొనవలెను.' ఈ ఒక్క వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, నా కోపమంతా దీనిమీదే.

ఇంగ్లీషుది సుజాత పైపైన చదివి చెప్పింది. మూడు రోజులు ఆకుకూరలు, గింజలు, పొట్టున్న ధాన్యాలు వద్దంట. ఎందుకంటే, పేగు గోడను నల్లబల్ల అనుకోండి. పాత రాత ఉంటే కొత్తది కనపడదు. అందుకే తుడిచి పెట్టాల. నేను బుద్ధిగా రాగిముద్ద మానేసినాను. చెనిక్కాయల చట్నీ మానేసినాను. తెల్లన్నం, మజ్జిగతో మూడు రోజులు గడిపినాను.

ముందురోజు పొద్దున్నే ధర్మవరం నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది.

"ఏం తింటాండావక్కా?"

"తినేదే లేదు. తాగేవే తాగల్లంట."

"అయ్యో, కళ్ళు తిరిగి యాడన్నా పడతావు. ఇంత అంబలి తాగు. అదేమన్నా తిండా?"

ఈడే ఉండాది అసలు సంగతి. మా పక్క ముద్ద తిండి, అంబలి తిండి కాదు. పొద్దున్నే చెంబెడు రాగి అంబలి తాగినోణ్ణి "తింటివా అప్పా" అని అడిగి చూడండి. "యాడ తింటి, ఇంకా లేదు" అంటాడు.

అయినా నేను గుడ్డిగా నమ్మలేదు. పోసిన పాత్ర ఆకారం పొందేది ద్రవం అని ఎన్ని తరగతులకు చెప్పినానో. అంబలిని చెంబులో పోసినాను, చెంబు ఆకారమే వచ్చింది. గ్లాసులో పోసినాను, గ్లాసు ఆకారం. ఇంకా మేలని పల్చటి గుడ్డతో వడగట్టి కూడా తాగినాను. సాయంత్రానికి మూడు చెంబులు. సుజాత ఆఫీసుకు పోయి ఉండింది కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

సాయంత్రం పేగు కడిగే మందు. పొడిని నీళ్ళలో కలిపి సగం అప్పుడు, సగం తెల్లవారుజామున తాగాల. సముద్రంలో నిమ్మకాయ పిండినట్లుంటుంది. చల్లగా చేసి తాగితే కొంత నయం. దాని తరువాత జరిగేది వివరించను. బాత్రూం గడియ తీసేది, వేసేది, అంతే. హిందూపురం పోయే దారిలో రెండు పెట్రోలు బంకుల్లో కారు ఆపించినాను.

లోపలికి పిలిచే ముందు నర్సు అడిగింది, "చివరిసారి ఎట్లొచ్చిందవ్వా?"

అబద్ధం నాకు చేతకాదు. "రాగుల రంగు" అన్నాను.

డాక్టరు వచ్చినాడు. "నిన్న ఏం తిన్నారమ్మా?"

"ఏమీ తినలేదు. అంబలి తాగినాను."

సుజాత నా వైపు తిరిగింది. "అంబలా? ఎంత?"

"మూడు చెంబులు. వడగట్టే తాగినాను."

డాక్టరు తల పట్టుకున్నాడు. "లోపల ఏం కనపడదమ్మా. ఈరోజు కాదు. రెండు రోజులాగి మళ్ళీ రండి."

అప్పుడు నాకు నిజంగానే ఒళ్ళు మండింది. "ఏమప్పా, మీ కాగితంలో ద్రవం అని రాసినారా లేదా? అంబలి ద్రవమా కాదా?"

ఆయన మెల్లగా చెప్పినాడు. "గ్లాసు వెనక పేపరు పెట్టండమ్మా. అక్షరాలు చదవనీకి వస్తే తాగచ్చు. చదవనీకి రాకుంటే వద్దు. ఎర్ర రంగువి అసలే వద్దు."

ఎంత చక్కటి బోధన. మరి ఈ మాట ఆ కాగితంలో రాసేదానికి ఏం రోగం? రాగులు పండే సీమలో ఆసుపత్రి పెట్టి, అంబలి గురించి ఒక్క ముక్క రాయరా? అదే అడిగినాను. వార్డంతా విన్నది.

మళ్ళీ అదే ఉప్పునీళ్ళు. ఈసారి కొబ్బరినీళ్ళు, పాలు లేని టీ, అంతే. పేపరు పెట్టి చూసి మరీ తాగినాను. అన్నిటికన్నా కష్టం ఆ రెండు రోజులు. నాయన మొహమే కనపడేది.

రెండోసారి పోయినప్పుడు మత్తు సూది వేసినారు. కళ్ళు మూసినాను, తెరిచినాను, అయిపోయింది. సుజాత పక్కన కూర్చుని ఉంది. కడుపు డోలులా ఉబ్బింది. లోపలికి గాలి పంపుతారు కాబట్టి అది సహజం, సిగ్గుపడి బిగబట్టకూడదు. ఆరోజు ఒంటరిగా ఉండకూడదు, బండి తోలకూడదు, సంతకాలు పెట్టకూడదు. నెత్తురు ఎక్కువ పోయినా, కడుపులో గట్టి నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాల.

ఇవన్నీ నాకు తరువాత తెలిసినాయి. అప్పుడు మాత్రం ఒకటే అడిగినాను.

"సుజాతా, ఏమొచ్చిందంట?"

"గడ్డలేం లేవత్తా. పేగు గోడకు పిలక మాదిరి చిన్న కండ ఉంటే తీసేసి ల్యాబుకు పంపినారు. భయం లేదన్నాడు. నెత్తురు మొలలదే."

నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ చూస్తే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతాంది.

"ఎందుకు నవ్వుతాండావు?"

"నువ్వు ఇదడిగేది తొమ్మిదోసారి అత్తా. తొమ్మిదిసార్లూ ఏడిస్తివి."

మత్తుమందుకు అంతేనంట, విన్నది విన్నట్టే మరిచిపోతారంట. 'ఒకసారి చెప్తే తలకెక్కదా?' అని ఎంతమంది పిల్లలతో పాఠాలు పదేసిసార్లు రాయించినానో ఆ దేవుడికే ఎరుక.

"పదోసారి చెప్పమంటావా?" అంది కోడలు.

చెప్పమన్నాను.