వదిన పెట్టె గొంతు

లిఫ్టు ఎక్కగానే "తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి జరగండి" అని ఒక ఆడగొంతు వినిపిస్తుంది. ఆ గొంతును పట్టుకుని, దాని మీది దుమ్ము దులిపి, లిఫ్టుకు సరిపడేటట్టు కత్తిరించి ఇచ్చే మనిషి ఒకడు ఎక్కడో ఉంటాడన్న ఊహ ఎవరికీ రాదు. అలాంటి మనిషికి ఒక చిన్న స్టూడియోలో అందరూ కలిసి పెట్టిన పేరు చెవులాయన. చెవులు చూడటానికి మామూలుగానే ఉంటాయి. వినికిడి మాత్రం మామూలుది కాదు. ఎవరి చొక్కా గుండీ మైకు కడ్డీకి తగిలినా, పక్క గదిలో ఫ్యాను రెక్క కాస్త వంగినా ముందు ఆయనకే తెలుస్తుంది. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. పెళ్లాం గురకకు భయపడ్డాడని తోటివాళ్లు ఆయన వెనకాల గుసగుసలాడుకుంటారు. ఆ గుసగుస కూడా ఆయనకు వినిపిస్తుంది.

కొంతకాలంగా ఆ స్టూడియోకు మరో రకం పని వస్తోంది. గిటారు వాయించేవాళ్లు గిటారు మోతను పెంచే తమ పాతకాలపు గాజు వాల్వుల ఆంప్లిఫయర్లను మోసుకొచ్చి, వాటి గొంతుకు కంప్యూటరు చేత నకలు తీయించుకుంటారు. పద్ధతి చెప్పడానికి సులువే. కీచులు, బుసలు, గరగరలు కలిపి తయారుచేసిన ఒక పరీక్ష శబ్దాన్ని ఆంప్లిఫయరులోకి పంపి, స్పీకరు ముందు మైకు పెట్టి, బయటికి వచ్చినదాన్ని పట్టుకుంటారు. లోపలికి వెళ్లినదాన్నీ బయటికి వచ్చినదాన్నీ పోల్చుకుంటూ, నడుమ ఆంప్లిఫయరు చేసిందేమిటో కంప్యూటరు నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని అరచేతిలో ఇమిడే చిన్న పెట్టెలోకి ఎక్కిస్తారు. ఇక బరువైన ఆంప్లిఫయరును ఇంట్లోనే వదిలి, గిటారు వైరును ఆ చిన్న పెట్టెకు తగిలించి ఎక్కడైనా వాయించుకోవచ్చు. చెవులాయన తీసిన నకలును చూపించి ఇది అసలు కాదు అనగలిగిన వాద్యకారుడు ఆ స్టూడియో మెట్లు ఇంతవరకు ఎక్కలేదు.

చివరికి ఎక్కింది, ఆయన సొంత వదిన.

వదిన పగలంతా ఒక కళ్లద్దాల దుకాణంలో జనం ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా" అని అడుగుతుంది. ఆదివారం సాయంత్రాలు ఒక హాల్లో పాత పాటలు వాయించే బృందంలో గిటారు పట్టుకుంటుంది. తల్లి పోయిన తర్వాత చెవులాయన చిన్నపిల్లవాడిగా అన్నావదినల ఇంటికి చేరిన నాటికే ఆ ఇంట్లో ఆంప్లిఫయరు ఉంది. ఇంట్లో దాన్ని పెట్టె అనే అనేవారు. వంటగదికీ ముందు గదికీ నడుమ ఉన్న ఇరుకు నడవాలో అది కూర్చునేది. దాని పక్కనే పొట్టి స్టూలు మీద వదిన కూర్చునేది. పెట్టె వెనకవైపు నుంచి కనబడే వాల్వుల ఎర్రటి వెలుగులో అతను ఎక్కాలు బట్టీ పట్టాడు. శబ్దాలను వినడం అన్నది అతనికి అక్కడే అంటుకుంది.

ఇప్పుడు బృందం వాయించే హాలు చేతులు మారింది. వేదిక మీదకు ఎవరూ సొంత ఆంప్లిఫయరు తేకూడదని, ప్రతి వాద్యమూ వైరు ద్వారా హాలు స్పీకర్లలోకే వెళ్లాలని కొత్త యజమాని తేల్చి చెప్పాడు. మిగిలినవాళ్లకు అది పెద్ద సంగతి కాలేదు. వదినకు మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

"ఆ పెట్టె లేకుండా నేను వాయించను, మాస్టారూ" అంది బృందం పెద్దతో.

"అట్లా అంటే ఎట్లాగమ్మా? ఆదివారానికి ఏదో ఒకటి తేల్చు. కీబోర్డు వాయించే అతనొకడు వస్తానంటున్నాడు, అందులో గిటారు మోత కూడా ఉందంట. ఆ కుర్చీ ఖాళీగా మాత్రం ఉంచలేను" అన్నాడు మాస్టారు.

ఆ సంగతి తెలియగానే చెవులాయన నవ్వాడు. "దీనికా వదినా ఇంత బెంగ? నా పనే అది కదా. నీ పెట్టెని చిన్న పెట్టెలో పెట్టి చేతికిస్తా, చూసుకో."

పెట్టెను అతనే స్టూడియోకు మోసుకుపోయాడు. దుమ్ము తుడిచాడు, వదులుగా ఉన్న మరలు బిగించాడు, వాల్వులు కాగేదాకా ఆగాడు. చుట్టూ మందపాటి దుప్పట్లు కట్టి, స్పీకరుకు ఎదురుగా, శిక్షణలో నేర్చుకున్న దూరంలో మైకు నిలిపాడు. కంప్యూటరు నేర్చుకున్న తర్వాత అసలుకూ నకలుకూ ఉన్న తేడాను తెర మీద చూస్తే అది లేనట్టే ఉంది. తన చెవితోనూ విన్నాడు. సంతృప్తి పడ్డాడు. వదినను పిలిపించి గిటారు చేతికిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు.

ఆమె ఒక పల్లవి సగం వాయించి ఆపేసింది.

"ఇది కాదు."

"కాదంటే?"

"నా పెట్టెలాగే ఉంది. కానీ నాకేసి వేలు చూపించి మాట్లాడుతోంది."

చెవులాయన బటన్ల వైపు చూశాడు. కొలతలకు లొంగే ఫిర్యాదు ఏదైనా అతను సరిచేయగలడు. కీచుగా ఉందన్నా, మొద్దుగా ఉందన్నా అతని దగ్గర మందుంది. వేలు చూపించే శబ్దానికి ఏ బటను తిప్పాలో అతనికి తెలియలేదు. మైకును స్పీకరు అంచుకు జరిపి మళ్లీ తీశాడు. వదిన తల అడ్డంగా ఊపింది. మైకు మార్చాడు. ఊపింది. వాల్వులను ఇంకా సేపు కాగనిచ్చి తీశాడు. ఈసారి ఆమె తల ఊపనైనా ఊపలేదు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. పగలు లిఫ్టు గొంతులు, సాయంత్రం వదిన పెట్టె. అతనికి తల ప్రాణం తోకకు వచ్చింది.

భోజనాల దగ్గర అన్నయ్య ఊరుకుంటాడా? ఆయనకు వీధి మలుపులో తాళంచెవుల దుకాణం ఉంది. "ఒరే, నకళ్లు తీయడం నా వృత్తి. నా దగ్గర గిరాకీ నిలబడి ఉండగానే చెవి చేతిలో పెడతా. నువ్వేంటిరా, మూడు రోజుల నుంచి ఇంట్లో మనిషినే ఒప్పించలేకపోతున్నావు?"

"నీ తాళంచెవులు 'నాకేసి వేలు చూపిస్తోంది' అనవు అన్నయ్యా."

"అంటాయిరా. మీ వదిన తెచ్చిన చెవి అయితే అదీ అంటుంది."

"నేను తెచ్చిన చెవికి మీరు చేసిచ్చిన నకలు ఇప్పటికీ బీరువా తాళంలో ఇరుక్కునే ఉందండీ" అంది వదిన, గిన్నె ఇటు జరుపుతూ.

మర్నాడు చెవులాయన తాడోపేడో తేల్చుకుందామనుకున్నాడు. వదిన దుకాణంలో రోజూ చేసే పరీక్షనే ఆమెకు పెట్టాడు. అసలు పెట్టెను మైకు ద్వారానే ఒకసారి, నకలును ఒకసారి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తాడు. తన పెట్టె ఏదో ఆమె చెప్పాలి. నకలును చూపించి ఇదే నాది అంటే అతను గెలిచినట్టు. అసలును సరిగ్గా పట్టుకుంటే, కనీసం తేడా ఎక్కడుందో వెతకడానికి దారి దొరికినట్టు. ఎటు చూసినా నష్టం లేని పరీక్ష అనుకున్నాడు.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడిగాడు, వెటకారం దాచుకోకుండా.

"రెండూ కావు."

"వదినా! ఒకటి నీ పెట్టే! అదిగో, ఆ దుప్పట్ల వెనకాల ఉంది, ముట్టుకుంటే కాలుతుంది కూడా! అది నీది కాకపోతే ఎవరిది?"

"నన్ను కసురుకుంటే నాదైపోతుందా? విన్నాను, కాదన్నాను. నీకు నచ్చే జవాబు కావాలంటే ముందే చెప్పాల్సింది, అదే చెప్పేదాన్ని."

అతను దుప్పట్లను లాగి నేలకేసి కొట్టాడు. అసలునే అసలు కాదనే మనిషికి నకలు ఎలా తీయాలి? ఆ పెట్టెను ఎత్తుకుని, దారంతా పళ్లు నూరుకుంటూ, అన్నయ్య ఇంటి నడవాలో దించేశాడు. "ఇదిగో నీ పెట్టె. నావల్ల కాదు" అని, కోపంలో కూడా అలవాటు తప్పక, మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లాడు.

వదిన పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, గచ్చు మీద గీరుకుంటూ తిప్పింది. స్పీకరు ముఖం గోడవైపు, వాల్వుల వెనకభాగం తనవైపు. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని వాయించడం మొదలుపెట్టింది.

వంటగది గుమ్మంలో చెవులాయన చేతిలోని గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. శబ్దం గోడను తాకి, నడవా పొడవునా జారి, మాటను కొంచెం మింగి, మిగిలింది నెమ్మదిగా చెబుతున్నట్టు వచ్చింది. అతను ఎక్కాలు బట్టీ పట్టిన శబ్దం అదే.

"ఎందుకలా గోడకి తిప్పుతావు?"

"ఎందుకేంటి, నువ్వు చదువుకోవాలని కాదూ మీ అన్నయ్య తిప్పించింది? తర్వాత హాల్లోనూ అలాగే పెట్టుకున్నా. గాయకుడు చెవులు పోతున్నాయని గోల చేసేవాడు. ఎదురుగా నిలబడి నా పెట్టెని నేనే ఎప్పుడూ వినలేదు."

చెవులాయనకు నవ్వు రాలేదు. ఆ సంగతి తనకు తెలియనిది కాదు. పెట్టె గోడకేసి ఉండటం ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి చూస్తూనే ఉన్నాడు. స్టూడియోలో దాన్ని దించగానే మొట్టమొదట చేసిన పని ఆ తప్పును సరిదిద్దడం. పెట్టెను మైకు వైపు తిప్పడం. గ్లాసును గట్టు మీద మోగేలా పెట్టాడు.

ఆదివారం ముంచుకొస్తోంది. అతను మైకులను నడవాలోకే తెచ్చి, వదిన తల ఉండేచోట ఒకటి వేలాడదీసి, పరీక్ష శబ్దం పెట్టాడు. పక్కింటివాళ్లు తలుపు కొట్టి ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని అడిగారు. కంప్యూటరు నేర్చుకుంది. వింటే, బిందెలో తలపెట్టి వాయించినట్టుంది. ఆంప్లిఫయరు చేసే పనిని నేర్చుకోగలిగిన ఆ పద్ధతికి, గోడ నుంచి కాస్త ఆలస్యంగా తిరిగొచ్చే శబ్దం అర్థం కాలేదు. మైకును ముందుకూ వెనక్కూ జరిపాడు. గోడ శబ్దాన్ని విడిగా కొలిచి తర్వాత అతికించి చూశాడు. ప్రతిసారీ బిందె పరిమాణం మారింది తప్ప బిందె పోలేదు.

ఆదివారం పొద్దున హాల్లో రిహార్సలు. చెవులాయన ఓడిపోయిన మొహంతో, చిన్న పెట్టెలో మొట్టమొదటి నకలునే ఎక్కించి తెచ్చాడు. వేలు చూపించేదే అయినా, బిందె కంటే మేలనుకున్నాడు. వదిన వైరు తగిలించి, కుర్చీలో కూర్చుని వాయించింది. ఆమె ఎదురుగా నేల మీద ఏటవాలుగా ఉన్న హాలు స్పీకరు, వాద్యకారుడు తనను తాను వినడానికి పెట్టేది, శబ్దాన్ని సూటిగా ఆమె ముఖాన కొట్టింది.

"భేషుగ్గా ఉందమ్మా!" అన్నాడు మాస్టారు.

వదిన గిటారు పట్టీ భుజం మీంచి తీసేస్తోంది. "ఆ కీబోర్డు అతన్ని పిలిపించండి, మాస్టారూ. నేను వీడి ప్రాణం తీసింది చాలు."

ఆ చివరి మాట చెవులాయన చెవిన పడింది. వేదిక ఎక్కి, వంగి, ఆ స్పీకరును రెండు చేతులతో పట్టుకుని ఈడ్చాడు.

"సార్, సార్! ఏం చేస్తున్నారు? అది మానిటరు సార్, మనిషి వైపు ఉండాలి!" అని హాలు సౌండు ఆపరేటరు పరుగెత్తుకొచ్చాడు.

"తెలుసు."

"మరి గోడకి తిప్పుతున్నారేంటి? ఇదే పని చేసేవాళ్లయ్యుండి!"

"తెలుసన్నానుగా!"

స్పీకరును వదిన కుర్చీ పక్కకు లాగి, ముఖం వెనకగోడకు తిప్పాడు. ఆమె పట్టీని మళ్లీ వేసుకుని ఒక తీగ మీటింది. మొద్దుగా వచ్చింది. అతను గోడ ముందున్న నల్లతెరను కోపంగా పక్కకు లాగిపారేశాడు. ఒట్టి గోడ బయటపడింది.

వదిన మళ్లీ మీటింది. తర్వాత పల్లవి అందుకుంది. సగంలో ఆపలేదు. చరణం కూడా అయ్యాక తలెత్తింది.

"ఇది ఎన్నోసారి తీసిన నకలు?"

"మొదటిదే."

"మొదటిదే అయితే మరి ఇన్నాళ్లూ దుప్పట్లు, బిందెలు, ఆ గోలంతా దేనికి?"

చెవులాయనకు చెప్పడానికి చాలా ఉంది. ఆ నకలు అప్పుడూ సరైనదేనని, ఇప్పుడూ సరైనదేనని, కాదన్నది ఎవరో అందరికీ తెలుసని. మాస్టారు అప్పటికే తర్వాతి పాట చెబుతున్నాడు. సౌండు ఆపరేటరు ఇంకా ఆ స్పీకరు వీపు వైపే మింగుడుపడనట్టు చూస్తున్నాడు.

"ఇంకొంచెం గోడ దగ్గరికి జరుపు" అంది వదిన.

అతను జరిపాడు.