గీలాంగ్‌లో రెండోసారి అడగరు

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే గండం గడిచి అవన్నీ భేషుగ్గా నడుస్తుంటే, వాటిని సరిచేసిన మాకు మాత్రం పని లేకుండా పోయింది. గుంటూరు రఫీ భాయ్, నేను మెల్‌బోర్న్‌లో ఒకే ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్లం. నాకు ఇంకోచోట దొరికింది, ఆయనకి దొరకలేదు. నెలాఖరులోగా ఏదో ఒక కంపెనీ వీసా ఇప్పించకపోతే, భార్యతో, అప్పుడే బడిలో చేరిన కూతురితో సహా దేశం వదలాలి. అలాంటప్పుడు గీలాంగ్ నుంచి లారీల కంపెనీ యజమాని గ్లెన్ ఫోన్ చేశాడు. "నీ పనితనం తెలిసింది, ఇక మనిషిని చూడాలి. శనివారం ఫుటీకి వచ్చెయ్" అన్నాడట. ఫుటీ అంటే అక్కడివాళ్ల ఫుట్‌బాల్ ఆట. భాయ్ తోడు రమ్మంటే నేనూ బయల్దేరాను.

మెల్‌బోర్న్ స్పెన్సర్ స్ట్రీట్ స్టేషన్లో పొద్దున రైలెక్కితే గంటలో గీలాంగ్. టికెట్టు పెద్ద ఖరీదేం కాదు. మధ్యాహ్నం దాకా సముద్రపు ఒడ్డున తిరగొచ్చు. పాత ఉన్ని గోదాములు, చమురు శుద్ధి కర్మాగారం, కార్ల ఫ్యాక్టరీ, మెల్‌బోర్న్ కంటే చవక అద్దెలు. వ్యాపారం చేసుకునేవాడికి ఇంకేం కావాలి అనిపించే ఊరు. కాకపోతే ఇక్కడ బేరాలు కుదిరేది ఆఫీసుల్లో కాదు, కార్డీనియా పార్క్ మైదానంలో. జూలై చలి, పైన జల్లు, ఎటు చూసినా నీలం తెలుపు మఫ్లర్లు. వాటి మధ్య రఫీ భాయ్ సూటు, టైతో నిలబడ్డాడు.

"టై తీసెయ్యండి భాయ్, పెళ్లికొచ్చినట్టుంది."

"ఉండనీ మూర్తీ. ఉద్యోగం ఇచ్చే మనిషి ముందు పద్ధతిగా ఉండాల కదా."

గ్లెన్ రాగానే వేడి చిప్స్ డబ్బా చాపాడు. పొద్దున్నుంచీ ఏం తినకపోయినా భాయ్ "నో నో సర్, ఇప్పుడే తిన్నాం" అన్నాడు. గ్లెన్ మారు మాట్లాడకుండా మొత్తం తనే లాగించేశాడు. ఆకలితో నాకు ఒళ్లు మండింది.

ఆట సగంలో ఉండగా అసలు మాట వచ్చింది. "సిటీ వదిలి ఈ ఊరికి వస్తావా? ఉద్యోగం నీదే. వీసా సంగతి నేను చూసుకుంటా" అన్నాడు గ్లెన్.

భాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కోసం మీకంత శ్రమ వద్దు సర్. ఇంకెవరైనా ఉంటే వాళ్లకే ఇవ్వండి, పర్లేదు" అన్నాడు. ఎంత చక్కగా మాట్లాడాడని నేనూ తలాడించాను. మన వైపు అయితే "అదేం మాటయ్యా!" అంటూ భుజమ్మీద చెయ్యేసేవాళ్లు. గ్లెన్ మాత్రం "నో వరీస్, మేట్" అని తేలిగ్గా ఒప్పేసుకున్నాడు. విరామంలో సెల్‌ఫోన్ తీసి, పక్కనున్న బల్లారట్ ఊళ్లో ఎవరికో సోమవారం వచ్చి చేరమని చెప్పేశాడు.

భాయ్ లేచి నిలబడ్డాడు. "సర్, నేను వస్తాను."

"అప్పుడే చెప్పాల్సింది మేట్. అతనికి మాటిచ్చేశాను" అన్నాడు గ్లెన్, నిజంగానే బాధపడుతూ.

ఊరి జట్టు గెలిచింది. మైదానమంతా లేచి పాడుతుంటే మేమిద్దరం కూర్చునే ఉన్నాం. తిరుగు రైల్లో భాయ్ ఒకటే మాట. "ఇంకోసారి అడుగుతాడనుకున్నా మూర్తీ."

ఆ నెలాఖరున ఆ ముగ్గురినీ నేనే విమానం ఎక్కించి వచ్చాను. గ్లెన్ మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు, అదే నా బాధ. మనిషి చెప్పిన మాటను మాటగానే తీసుకున్నాడు. మొహమాటం ఇద్దరికీ తెలిసినచోటే మర్యాద అవుతుంది. గీలాంగ్ మంచి ఊరు, తప్పకుండా వెళ్లండి, చలికాలమైతే గొడుగు పట్టుకెళ్లండి. అక్కడ ఎవరైనా చిప్స్ డబ్బా చాపితే, ఆకలి లేకపోయినా మొదటిసారే ఒకటి తీసుకోండి.