నిండు గంపకు తోవ

మొన్న మంగళవారం పొద్దున ఇంటి ముందు కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతుంటే, మెడలో గుర్తింపు కార్డు, చంకలో పొడవాటి అట్టగొట్టం పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చి, వెనకటి రోజుల్లో ఇంజనీరు సారు దగ్గర ట్రేసర్‌గా పనిచేసినామె ఇల్లు ఇదేనా అని అడిగింది. ట్రేసర్ అనే మాట ఎవరి నోటా వినక ఎన్నేళ్ళయిందో, ఒక్క క్షణం ఇంకెవరి గురించో అడుగుతోందేమో అనుకున్నాను. జగిత్యాల అమ్మాయి, ఆర్కిటెక్టు. మా కోరుట్ల బజారులో ఉన్న పాత దుకాణాల కాంప్లెక్సు పెచ్చులూడిపోతోందని, దాన్ని విప్పి కొత్తది కట్టే పని ఆమె చేతికి వచ్చిందట. కాలం చేసిన ఇంజనీరు సారు ఇంట్లో వెతికితే పాత కాగితాలు దొరికాయని చెప్పి, నా ఒళ్ళోంచి చిక్కుడుకాయల చాట పక్కన పెట్టించి, ఒక నీలి గుడ్డ పరిచింది. కింద కుడి మూలన చిన్న గడిలో నా పొడి అక్షరాలు ఉన్నాయి.

"సారు పెన్సిల్‌తోని గీసినదాంట్ల గోడ సక్కగ పోయింది మేడం. మీ గుడ్డ మీద మాత్రం మధ్యల ఆగింది. గిట్లెందుకైంది?" అని అడిగింది.

ఆ గీత ఎందుకు ఆగిందో ఆమెకు చెప్పినదానికంటే కాస్త తీరిగ్గా మీకు చెబుతాను. ఇది చదివే మీరంతా నా ఈడువాళ్ళే, మధ్యలో అడ్డుదార్లు తొక్కినా కోప్పడరు.

మా వాడను అందరూ ఎన్కవాడ అనేవారు. బజారుకు వెనక ఉన్న వాడ అని. కాగితాల మీద దానికి మంచి పేరే ఉండేదట గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. బజారు మొత్తం మాకు వీపు పెట్టి కూర్చునేది. దుకాణాల వెనక గోడలు, చిరిగిన గోనెసంచులు, కుళ్ళిన ఉల్లిగడ్డలు, మోరిలో పారే మురుగునీళ్ళు, ఇవీ మా పెరట్లో నిలబడితే కనిపించేవి. రిక్షా మా దాకా వచ్చేది కాదు, పెద్దరోడ్డు మీద దించేసి పోయేది. మగవాళ్ళు చాలామంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవారు, మా బాపు కూడా అంతే, కాబట్టి అది దాదాపు ఆడవాళ్ళ వాడ, ఇంటింటా బీడీలు చుట్టేవాళ్ళు. బడిలో తోటి ఆడపిల్లలు మీ ఇల్లెక్కడ అని అడిగితే నేను పోస్టాఫీసు దగ్గర అని చెప్పేదాన్ని. పోస్టాఫీసు మా ఇంటికి ఏ మాత్రం దగ్గర కాదు. ఆ అబద్ధం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గే.

బజారుకూ మాకూ మధ్య ఉన్నది ఒక్క సందు. రెండు గోదాముల గోడల నడుమ మోరి పారేది, ఆ మోరి మీద ఎవరో ఎప్పుడో బండలు పరిచారు, ఆ బండల మీద నడిచి మేం బజారులో తేలేవాళ్ళం. ఎదురెదురుగా ఇద్దరు గంపలతో వస్తే పట్టేది కాదు. అందుకే దానికొక మర్యాద ఏర్పడింది. చుట్టిన బీడీలు కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోయేది నిండు గంప. అక్కడినుంచి తునికాకు, తంబాకు తెచ్చుకునేది ఉత్త గంప. ఆకు గంప ఎంత బరువుగా ఉన్నా సరే అది ఉత్త గంపే, ఎందుకంటే అందులో ఇంకా చెయ్యి పడలేదు, పని చేరలేదు. నిండు గంప ఎదురైతే ఉత్త గంప వెనక్కి నడిచి తోవ ఇవ్వాలి. పెద్దా చిన్నా, మా కులం మీ కులం, హిందువులూ తురకలూ ఏ తేడా ఆ సందులో చెల్లేది కాదు. తోవ ఇచ్చేటప్పుడు ఆగుతారు కదా, ఆ ఆగిన కాస్త సేపట్లోనే మస్కట్ ఉత్తరాల సంగతులు, కూరల సంగతులు, పిల్లల జ్వరాలు అన్నీ అయిపోయేవి.

మా అవ్వ, అంటే మా అమ్మ, మేం అవ్వా అనే పిలుస్తాం, ఎడమ కాలు కొద్దిగా ఈడ్చి నడిచేది. మేం ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచే పక్కింటామె, అవ్వ ఎప్పుడూ కలిసే పోయేవాళ్ళు. ఖాలా ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేది, అవ్వ తెలుగులో మొదలుపెట్టి ఎక్కడ ముగించేదో దేవుడికే తెలియాలి. కార్ఖానాలో బీడీలు తీసుకునే వేళ దాటితే మర్నాడు రమ్మనేవారు, ఆకు ఇచ్చేవారు కాదు, అంటే ఆ రోజు ఇంట్లో చెయ్యి ఆడదన్నమాట. సందులోంచి అయితే అవ్వ కుంటుకుంటూ కూడా వేళకు అందుకునేది. పెద్దరోడ్డు మీదుగా బస్టాండు చుట్టి పోవాలంటే ఆ కాలుతో అందుకోవడం కల్ల.

నేను జగిత్యాలలో మా మేనత్త ఇంట్లో ఉండి డ్రాయింగు పని నేర్చుకుని వచ్చాను. కోరుట్లలో ఒక ఇంజనీరు సారు మిద్దె మీద రెండు గదుల్లో ఆఫీసు నడుపుతుంటే అందులో చేరాను. ట్రేసర్ అంటే ఏం లేదు, సారు పెన్సిలుతో గీసిన కాగితం మీద మైనం పూసిన పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల్ని నల్ల సిరాతో తిరిగి గీయడం. సొంతంగా ఒక చుక్క పెట్టే అధికారం కూడా లేదు. గీత మధ్యలో తుమ్ము వచ్చినా ఆపుకోవాలి. ఆ తర్వాత దాన్ని అమ్మోనియా పెట్టెలో పెట్టి ప్రింట్లు తీసేవాళ్ళం, ఆ వాసనకు కళ్ళ నీళ్ళు కారేవి, మీలో ఎవరైనా ఆ పని చేసి ఉంటే ఇది చదువుతుంటేనే ముక్కు మూసుకుంటారు. సారుది సిరిసిల్ల. సాంచాల, అంటే మరమగ్గాల మోత మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆ చప్పుడుకు పైగా మాట్లాడీ మాట్లాడీ గొంతు అలాగే నిలిచిపోయింది. ఆయన నన్ను స్కేలు అడిగితే కింద చాయ్ హోటల్లోని వాళ్ళు తలెత్తి చూసేవారు.

నేను చేరిన రెండో ఏడు, బజారు వర్తకులు కలిసి ఆ గోదాములు కొని, పడగొట్టి, కాంప్లెక్సు కట్టాలని సారు దగ్గరికి వచ్చారు. దుకాణాలన్నీ పెద్దబజారు వైపు చూస్తాయి, వెనక పొడుగునా ఒకటే గోడ. సారు ఊరి పాత పటం, అదే నక్ష, చూసి గీశారు, ఆ నక్షలో మా సందు లేదు, మోరి మాత్రమే ఉంది. మోరిని గొట్టంలోకి ఎక్కించి దాని మీదుగా గోడ లేపమని రాశారు. ఆయన తప్పేమీ లేదు, కాగితం మీద మేం నడిచింది తోవ మీద కాదు, మోరి మీద.

ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నేను గుడ్డ పరిచి, పిన్నులు గుచ్చి, వెనక గోడ గీత మొదలుపెట్టాను. సందు ఉండే చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆలోచించి ఆపానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజం చెప్పాలంటే భయంతో ఆగింది. ఆ గీత పూర్తయితే మా అవ్వ నడక ఆగిపోతుందనిపించింది. పెన్ను ఎత్తాను, గోరంత జాగా వదిలి, అవతల మళ్ళీ ఆనించాను. అతకడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం సాయంత్రం దాకా నా చేతిలోనే ఉంది, అయినా అతకలేదు. గుడ్డ చుట్టి ప్రింటుకు ఇచ్చేశాను. ఉద్యోగం పోతుందని తెలుసు, అవ్వకు చెప్పే ధైర్యం లేదు.

మూడో రోజు వర్తకులు వచ్చి ప్రింటు చూస్తూ ఉండగా వారిలో ఒకాయన సరిగ్గా ఆ ఖాళీ మీద వేలు పెట్టి ఇదేమిటన్నాడు. సారు కళ్ళజోడు సర్దుకుని చూసి, నన్ను పిలిచారు.

"గీ సందు ఎక్కడిదమ్మా? నేను గీయలే గద."

"మా అవ్వ కార్ఖానకు పోయే తోవ సార్," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. సారుకు కూడా సరిగ్గా వినపడక, మీ అవ్వ పోయే తోవనా అని గట్టిగా తిరిగి అడిగేసరికి ఆఫీసుకూ, మెట్లకూ, కింద చాయ్ హోటలుకూ అందరికీ తెలిసిపోయింది. పోస్టాఫీసు దగ్గర ఉండే పిల్ల ఎన్కవాడ పిల్లేనని ఆ రోజుతో బజారంతా తేలిపోయింది. వర్తకులు నవ్వారు. సారు నవ్వలేదు. రేపు పొద్దున ఆ తోవ చూపించమన్నారు.

మర్నాడు నేను బజారు వైపు నిలబడి ఉంటే సారు బ్యాగు పట్టుకుని సందులోకి నడిచారు. సగం దాకా పోయారో లేదో, అటునుంచి అవ్వ నెత్తి మీద బీడీల గంపతో వచ్చింది. ఆయన ఎవరో అవ్వకు తెలియదు. తెలిసినా అదే మాట అనేదేమో.

"జర ఎన్కకు జరుగు కొడుకా, నిండు గంప అస్తాంది," అన్నది.

సారు బండల మీద ఒక్కో అడుగే తడుముకుంటూ, ప్యాంటు అంచులు మోరిలో పడకుండా చూసుకుంటూ, వచ్చిన దారంతా వెనక్కి నడిచారు. అవ్వ వెనక ఖాలా, ఖాలా వెనక మా వాడ ఆడవాళ్ళు వరసగా వస్తూనే ఉన్నారు. అందరూ పోయేదాకా సందు మొగదల బ్యాగు గుండెలకు హత్తుకుని అలాగే నిలబడ్డారు.

ఆఫీసుకు వచ్చాక తిడతారనుకున్నాను. తిట్టారు కూడా. "చెయ్యి ఆపుడు కాదు, నోరు తెరిచి చెప్పాలె," అన్నారు. ఆ తర్వాత తెల్లకాగితం పరిచి మొదటినుంచి గీయడం మొదలుపెట్టారు. నేను వదిలిన ఖాళీని అలాగే ఉంచుతారేమో, అవ్వకు అది చాలు అనుకున్నాను. ఆయన నా ఆలోచన కనిపెట్టినట్టు తలెత్తి, "సందు ఇడిస్తే సందే ఉంటది. దుకాణాల మొకం గటు తిప్పితే బజారైతది," అన్నారు. సిరిసిల్లలో వాళ్ళ వాడలో సాంచాల గదుల తలుపులన్నీ వీధి వైపే ఉండేవని, పని వీధికి కనిపించేదని, కనిపించే చోటికి మనుషులు వస్తారని, మధ్యాహ్నమంతా చెబుతూనే గీశారు. కాంప్లెక్సు నడిమధ్యలోంచి పైకప్పు ఉన్న వెడల్పాటి దారి, దారికి రెండువైపులా దుకాణాలు, వెనక గోడ ఉండాల్సిన చోట మా వాడ వైపు తలుపులు తెరిచే ఇంకో వరస, వాటి ముందు కూర్చోవడానికి పొడుగాటి అరుగు. ఆ కాగితం ట్రేస్ చేసినప్పుడు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు.

వర్తకులు ఊరికే ఒప్పుకోలేదు. ఎన్కవాడ వైపు దుకాణం పెడితే ఎవరు కొంటారని వాదించారు. బీడీలు చుట్టే ఆ ఆడవాళ్ళు ఉప్పూ పప్పూ కొనడానికి ఇప్పుడు మోరి బండలు దాటి మీ ముందు వాకిలికి వస్తున్నారు కదా, ఆ వాకిలే వాళ్ళ దగ్గరికి పోతే వద్దంటారా అని సారు తన గొంతుతో అడిగారు. ఆ గొంతుకు ఎదురు చెప్పడం కష్టమనుకోండి.

కట్టడం పూర్తయ్యాక మా వైపు మొదటి గది తీసుకున్నది ఖాలానే. మస్కట్ నుంచి తమ్ముడు పంపిన కుట్టుమిషన్ తెచ్చి తలుపు దగ్గర పెట్టుకుంది. తర్వాత చాయ్ డబ్బా కొట్టు వచ్చింది, పిండి గిర్నీ వచ్చింది, దీపాలు వచ్చాయి, రిక్షాలు మా వాకిళ్ళ దాకా వచ్చాయి. బజారుకు వీపు పెట్టి కట్టుకున్న ఇళ్ళు ఒక్కొక్కటే వెనక గోడ కొట్టి తలుపు పెట్టుకున్నాయి. మేమూ పెట్టుకున్నాం. ఇప్పుడు నేను కుర్చీ వేసుకునేది ఆ తలుపు ముందే.

అవ్వకు మాత్రం ఆ దారి ఒక పట్టాన అలవాటు కాలేదు. బండ్లు పోయేంత వెడల్పున్నా సరే, ఆకు తెచ్చుకునేటప్పుడు ఎదురుగా ఎవరైనా బీడీల గంపతో కనిపిస్తే గోడకు ఆనుకుని నిలబడి తోవ ఇచ్చేది. కొత్తగా వచ్చిన కోడళ్ళు నవ్వుకుంటూ పోయేవారు. ఇంత జాగా ఉన్నాక ఎవరూ ఎవరి కోసం ఆగరు, ఆగకపోతే ఎవరి సంగతి ఎవరికి తెలుస్తుందని అవ్వ ఖాలాతో అనేది. అదీ నిజమే. ఇప్పుడు నేను ఆ దారిన పోతే పలకరించేవాళ్ళు తక్కువ, మోటారు సైకిళ్ళ హారన్లు ఎక్కువ. అప్పుడప్పుడు ఆ ఇరుకు గుర్తుకొచ్చి దిగులేస్తుంది గానీ, ఆ మోరి బండలు మళ్ళీ కావాలా అని ఎవరైనా అడిగితే వద్దనే అంటాను.

ఇదంతా విన్న అమ్మాయి గుడ్డ మీది ఆ గోరంత ఖాళీని వేలితో తడిమింది. కొత్త కాంప్లెక్సులో కూడా ఆ దారి ఉంటుందని, ఇంకా వెడల్పు చేశానని, అరుగు కూడా పెట్టానని తన కాగితం చూపించింది. అలాగే అరుగు వెడల్పు ఒక గంప దించుకునేంత ఉండేట్టు చూడమన్నాను, నవ్వి రాసుకుంది. పోయే ముందు నక్షలో వాడ పేరు రాయాలి, ఏమని రాయాలి అని అడిగింది. ఎన్కవాడ అని రాయమన్నాను.

ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని ఆగింది. "దేనెన్క మేడం?" అన్నది.

నువ్వే చూసి చెప్పమన్నాను. లేచి నిలబడి, ఖాలా మనవరాలి బట్టల దుకాణం వైపు, గిర్నీ వైపు, దారిలోంచి అవతల కనిపిస్తున్న పెద్దబజారు వైపు చూసింది. ఎటు ముందో ఎటు వెనకో ఆమెకు అంతు చిక్కలేదు. భుజాలెగరేసి, నేను చెప్పినట్టే రాసుకుని వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న వినడానికి మా అవ్వ ఉంటే ఎంత బాగుండేది.