గట్టి వెదురు చీటీ

వెదురు డిపోలో జాతులు తేల్చే గుమాస్తా చూపు తగిలితే పచ్చి గెడ నిలబడ్డచోటే ఎండిపోతుంది. గెడను గోటితో గీరి, ముక్కుకి ఆనించి, తెచ్చినవాళ్ళనీ అంతే అసహ్యంగా చూస్తాడు. అతను 'గట్టి వెదురు' అని చీటీ అంటించి ఇచ్చిన గెడలతోనే నిచ్చెన కట్టి, చీటీతో సహా మోసుకొచ్చింది నిచ్చెనలు కట్టే ఆవిడ.

“కణుపు మీద కోసి చూస్తే ఏ బొంగైనా గట్టిగానే కనబడుతుంది బాబూ. బెత్తెడు పైన కొయ్యి, లోపలంతా డొల్లే. దీన్ని ఎక్కేది నా మొగుడు.”

“చీటీ రాసింది నేను. నీకేం తెలుసు?”

“అయితే నువ్వే ఎక్కి చూపించు.”

డిపో అంతా చూస్తోంది. గుమాస్తా మెట్టు మీద చెయ్యి వేశాడు, కాలు వెయ్యలేదు. చీటీ పీకాడా? ప్రాణం పోయినా పీకడు. పెన్సిలు తీసి, 'గట్టి వెదురు' కిందే ఇంకో మాట చేర్చాడు: 'ఎక్కరాదు'.