దుమారం ఎవ్వలిది?

నిన్న మధ్యాహ్నం కరీంనగర్‌లో ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. రోడ్డు మీది దుమ్మంతా లేచి కిటికీలోంచి నా వంటింట్లోకి వచ్చింది, దాని వెనకే తొలి చినుకుల వాసన. ఆ వాసనకు నాకు మొదట గుర్తొచ్చేది సుగుణ మేడం. జమ్మికుంటలో ఇంటర్ చదివేటప్పుడు ఆమె మాకు తెలుగు చెప్పేవారు. పొట్టి మనిషి, కంచు గొంతు. కొంగు చివర ఎప్పుడూ ఒక చాక్‌పీసు ముక్క ముడివేసి ఉండేది. "డబ్బాల వెడితే మీరు ఎత్తుకపోతరు" అనేవారు. మేం రాసినదాంట్లో ఇంకొకరి దగ్గర అరువు తెచ్చిన మాట కనిపిస్తే కొట్టేసేవారు కాదు, పక్కన పెన్సిల్‌తో "ఎవ్వలిది?" అని రాసేవారు. మిగతా లెక్చరర్ల ఎర్ర సిరా కంటే ఆ పెన్సిల్‌కే మేం ఎక్కువ భయపడేవాళ్లం.

కాలేజీ పత్రిక కోసం నేనొక కథ రాశాను. సముద్రం ఒడ్డున గుడిసె, భయంకరమైన తుఫాను, బిడ్డను కొంగుచాటున దాచుకుని దీపంలా నిలబడ్డ తల్లి. రాస్తూ రాస్తూ నేనే ఏడ్చాను కూడా. మూడు పేజీల కథలో మేడం పద్నాలుగు చోట్ల "ఎవ్వలిది?" అని రాశారు. స్టాఫ్‌రూముకు పిలిచి, నా డబ్బాలోని సర్వపిండి ముక్క ఒకటి తీసుకుని నములుతూ మొదలుపెట్టారు.

"సముద్రం జూసినవా బిడ్డా?"

"లే మేడం."

"మరి గీ తుఫాను ఏడికెల్లి వచ్చింది?"

"కథలల్ల గట్లనే ఉంటది గద మేడం. తుఫాను వచ్చుడు, అమ్మ దీపం లెక్క నిలవడుడు."

"ఉంటది. మంచిగనే ఉంటది. రాసినోళ్లకు సముద్రం ఉన్నది. మనకు గాలిదుమారం ఉన్నది. దుమారం వస్తే మీ అవ్వ ఏం జేస్తది?"

"తిడ్తది."

"ఎవ్వల్ని?"

"గాలిని, నన్ను, దుబాయిల ఉన్న మా బాపును."

మేడం ఎంత నవ్వారంటే ఆమెకు పొలమారింది. నీళ్లు తాగి, "గదే రాయి" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అవ్వతో, అంటే మా అమ్మతో, మాట్లాడక అప్పటికి పదకొండు రోజులు.

ఆపుకోలేక అంతా చెప్పేశాను. ఆ రోజు దుమారానికి మా ఇంటి రేకులు దడదడమంటుంటే, పెరట్లో కట్టేసిన బర్రె దుడ్డె అరుస్తోందని దాన్ని విప్పడానికి పరుగెత్తాను. అవ్వ వెనకే వచ్చి నా జడ పట్టి లోపలికి ఈడ్చింది. మరుక్షణం ఒక రేకు ఊడి నేను నిలబడ్డ చోటే పడింది. దుడ్డెకు ఏమీ కాలేదు కానీ, నా చెంప మాత్రం పగిలిపోయింది, అవ్వ చేతి దెబ్బకు. చుట్టుపక్కల వాళ్లంతా చూశారు. పదిహేడేళ్ల వయసులో అంతకంటే పెద్ద అవమానం ఉంటుందా? డిగ్రీకి కరీంనగర్ హాస్టల్లో చేరతానని, మళ్లీ ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. మేడంకూ అదే చెప్పాను.

ఆమె నన్ను సముదాయించలేదు. "ఎందుకు కొట్టినవని అడిగినవా?" అన్నారు. లేదన్నాను. "అడగకుంటనే అమ్మను దీపం జేసినవా! పో, అడిగి రా. గప్పుడు రాయి."

నేను ఇంటికి వెళ్లేసరికి అవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పదకొండు రోజుల తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎందుకు కొట్టినవే?" అవ్వ తలెత్తలేదు. చాట మాత్రం ఆగింది.

"కొట్టకపోతే ఏడుస్తుంటి. నేనే ఏడిస్తే నువ్వు ఇంకింత బయపడి బుగులువడ్తుంటివి గాదే."

మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని రాళ్లు ఏరాను. హాస్టల్ ఒట్టు అక్కడే గట్టున పెట్టాను. కథ మళ్లీ రాశాను. ఈసారి అందులో సముద్రం లేదు, దీపం లేదు. దుమారం ఇంటి బయట లేదు, అవ్వే దుమారం. దాని తిట్ల చాటున ఒక పిల్ల బతికి ఉంది. ఆ కాగితాల మీద మేడం ఒకే ఒక్క మాట రాసిచ్చారు: "నీది."

మేడం పోయి మూడేళ్లు. నేనిప్పుడు కథలు రాస్తాను. అచ్చుకు పంపేముందు పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను, ఆమెలాగే.

నిన్న ఆ గాలిలో నా కూతురు మేడ మీది బట్టలు తెస్తానని పరుగెత్తింది. పైన ఏదో రేకు దడదడలాడింది. ఎలా వెళ్లానో తెలియదు, పిల్లను రెక్క పట్టి కిందికి లాక్కొచ్చాను. చెయ్యి లేచింది. కొట్టలేకపోయాను, ఏడ్చేశాను. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. పిల్ల బెదిరిపోయి నన్ను పట్టుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. జమ్మికుంట నుంచి అవ్వ. హలో కూడా లేదు.

"తలుపులు వెట్టినవా? గా పిల్ల ఏదే? గీ గాలి పాడుగాను!"

స్పీకర్ పెట్టాను. నా కూతురి ముఖంలో భయం పోయి నవ్వు వచ్చింది. "అమ్మమ్మ ఎవరిని తిడుతోంది?" అని గుసగుసగా అడిగింది.

"గాలిని, నన్ను, నిన్ను" అన్నాను.

మేడం ఉంటే ఆ మాట పక్కన పెన్సిల్‌తో ఏం రాసేవారో నాకు తెలుసు: "నీది."