పంతొమ్మిది అతుకులు

మొన్నటి మాఘమాసంలో, మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మొదలైంది ఈ పని. గద్వాలలో మా వంటింటి క్యాలెండరులో ఆ రోజు గడిలోనే రాసుకున్నాను. వనపర్తి దవాఖాన నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, శుక్రారం నాలుగింటికి పిల్లను ఇంటికి తెస్తున్నం. మెత్తటి బొంత గావాలె. బాగ వాడిన నూలుబట్ట అయితేనే మంచిదన్నది డాక్టరమ్మ."

మా మనుమరాలికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. పుట్టినప్పుడు కిలోన్నర. పద్దెనిమిది రోజులు అద్దాల పెట్టెలో ఉండి కిలో ఏడువందలకు వచ్చింది. ఒంటి వేడి నిలుపుకోవడం ఇంకా పూర్తిగా చేతకాదు, చలి తగలనీయొద్దన్నారు. బిడ్డ పుట్టకముందే గుడ్డలు కుట్టిపెట్టడం మా ఇళ్లలో లేదు కాబట్టి ఏదీ సిద్ధంగా లేదు. నా చేతిలో ఉన్నది మూడు రోజుల నాలుగు గంటల యాభై నిమిషాలు.

సందూకంతా వెతికితే అన్నీ పాలిస్టరు చీరలే. అడుగున ఒకటే నూలుచీర ఉంది. యాభై ఒక్క ఏళ్ల కింద, పెళ్లయిన కొత్తలో, మా ఆయన నేసింది. నూలిచ్చి చీరలు నేయించుకునే సావుకారికి ఇవ్వకుండా "ఇది నీకే" అని నా చేతిలో పెట్టాడు. ఉతికి ఉతికి చేతికి తగిలీ తగలనట్టుగా అయింది.

మా గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. నేసేటప్పుడు ప్రతి వరుసలోనూ నూలు పోగును అంచు పోగుతో మెలివేయాలి. లేకుంటే అక్కడ సందు పడుతుంది. ఒకరు పోగు చుట్టిన నడుమ నాడె విసిరితే, పక్కన కూర్చున్నవారు అంచు నాడె అందుకుంటారు. ఆ చీరకు పక్కన కూర్చున్నది నేనే. అంకెల్లో నా లెక్క ఏనాడూ తప్పలేదు గానీ, చేతిపనికి మాత్రం నాకు అప్పుడూ ఓపిక లేదు, ఇప్పుడూ లేదు.

అంచులో జరీ ఉంది, పసిదాని ఒంటికి గీరుకుంటుంది. బుధవారం పొద్దున అరుగు మీద ఎండలో కూర్చుని బ్లేడుతో అంచు వేరు చేయడం మొదలుపెట్టాను. రెండు మూరలు పోయాక బ్లేడు ఆగింది. చీర తిరగేసి చూశాను. అక్కడ మెలికలు లేవు. వేలి కణుపంత పొడుగున నేను వదిలేసిన సందు. ఆ సందును వెనకనుంచి, అదే రంగు దారంతో, సూదితో ఎవరో మూశారు. ముందువైపు ఏమీ కనబడదు.

మా ఇంట్లో అలా సూది పట్టే మనిషి ఆయన ఒక్కడే.

చివరిదాకా చూశాను. పంతొమ్మిది అతుకులు. కుట్లు లెక్కపెడితే నూట నలభై ఆరు. నలభై నాలుగేళ్లు కాపురం చేశాం, ఆయన పోయి ఏడేళ్లయింది. ఒక్కనాడూ ఈ మాట ఆయన నోట రాలేదు. ఆ సందులు చూసి సావుకారి వాపసు పంపుతాడనే చీర నాకిచ్చాడని అప్పుడు తెలిసింది. నాకోసమే నేశాడని ఊరంతా చెప్పుకున్నాను.

ఎండ అరుగు దాటిపోయేదాకా అలాగే కూర్చున్నాను. కోయకుండా మడిచి పెట్టేద్దామనిపించింది. కిలో ఏడువందలు అన్న మాట గుర్తొచ్చింది. కోశాను. ఒక్క అతుకును మాత్రం చుట్టూ బట్టతో సహా కత్తిరించి పక్కన పెట్టాను. మిగతా నూలుబట్టను వేడినీళ్లలో ఉతికి ఆరవేశాను.

గురువారం మధ్యాహ్నానికి నాలుగు పొరలు పరిచి, మూరన్నర బొంత కుట్టేశాను. పక్కింట్లో మిషన్ కుట్టే ముసల్మాన్ చెల్లె చూడవచ్చింది.

"ఏందక్కా, కుట్టేసినవా, మేకపిల్లను ఉరికిచ్చినవా?"

"కప్పితే ఎవరికి కనబడ్తది?"

ఆమె ఒక కుట్టు కింద చిటికెనవేలు దూర్చి పైకెత్తింది. "గిదో, నా ఏలే పట్టింది. నీ మునిమనుమరాలి ఏలు ఎంతుంటది? దారం చుట్టుకుంటే చెప్పనీకె నోరున్నదా దానికి?"

బొంతను నా ఒళ్లోకి లాక్కున్నాను.

"జర ఇటియ్యి, మిషన్ మీద ఏస్త."

"మిషన్ కుట్టు బిరుసుంటది. ఒద్దు."

"గట్లయితే కూసోని సక్కగ కుట్టు. ఉరుకుడు బంజెయ్యి."

విప్పి మళ్లీ కుట్టేంత సమయం లేదు. దాచిన అతుకును మోకాలి మీద పెట్టుకున్నాను. ఆయన సూది ఎక్కడ దిగిందో, ఎంత దూరంలో లేచిందో చూస్తూ, నా ప్రతి పొడుగు కుట్టునూ చిన్న కుట్లతో అణిచేశాను. ఆ సాయంత్రం రెండు గంటలు, శుక్రవారం పొద్దున ఆరు నుంచి మూడు ముప్పై అయిదు దాకా. వంకరగానే వచ్చాయి. చెల్లె వచ్చి, ప్రతి వరుసా వేలితో తడిమి, గోరు కూడా పట్టడం లేదని చూసుకుని, తల ఊపింది.

నాలుగు ఇరవైకి కారు వచ్చింది. పాప పాదం నా చూపుడువేలి రెండు కణుపులంత ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది. థర్మామీటరులో తొంభై ఏడు. తల్లి రొమ్ముకు ఆనించి, బొంత చుట్టాము. గంట తర్వాత తొంభై ఎనిమిది. పాదం పట్టుకుని చూశాను. వెచ్చబడింది. అంత చిన్న ఒంట్లో ఆ వేడి ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో నాకు అంతుపట్టలేదు. అందరూ టీ తాగుతున్నా నేను ఆ పాదం వదల్లేదు.

పోయినవి: చీర ఒకటి. తెల్లదారం ఉండలు రెండు. సూదులు రెండు, రెండూ విరిగాయి, ముక్కలు నాలుగూ దొరికాయి. అతుకులు పద్దెనిమిది.